తడి తూకం

ఉమామహేశ్ గారు ఏడవటం నేను చూడటం అదే మొదలు. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో ఆయన చేనేత చీరల షోరూమ్ ఉంది. దాని మూడో అంతస్తులో ఏసీ గది, ఆ గదిలో గోడంత టీవీ. దాని ముందు మెత్తటి కుర్చీలో కూర్చుని ఏడ్చాడు. జేబురుమాలు తీసి ఒక కన్ను తుడుచుకుని, రెండో కంటి నీళ్ళు నేను చూసేదాకా అలాగే ఉంచాడు.

"ఇది ఏడోసారి మాస్టారూ. ఏడుసార్లూ ఏడ్చా. బ్లాక్ అండ్ వైటే గానీ, గుండె పిండేస్తదండీ!"

పాత హాలీవుడ్ సినిమా అది. ఫ్రాన్సులో ఒక నది ఒడ్డున పట్టు నేసే ఊరు. అక్కడ మగ్గం నేసుకుని బతికే ఒక పేదపిల్ల. షావుకారు పట్టుదారం తూచి ఇస్తాడు, నేసిన గుడ్డ తూచి తీసుకుంటాడు. ఒకసారి గుడ్డ తక్కువ తూగింది. దారం దొంగిలించావన్నాడు. ఊరంతా ఆ పిల్లని చూసి తలుపులేసుకుంది. చివర్లో, పోయిందనుకున్న పట్టు షావుకారు కొట్లోనే బీరువా వెనక దొరుకుతుంది. ఆయన గుర్రబ్బండి తోలించుకుంటూ నది ఒడ్డుకొచ్చి, నీళ్ళలో దిగబోతున్న పిల్ల చెయ్యి పట్టుకుని "నిన్ను క్షమించాను" అంటాడు. చర్చి గంటలు మోగుతాయి. ఆ పిల్ల ఆయన గుండెల మీద వాలిపోతుంది.

"దీనికి మూలం ఒక ఫ్రెంచి నవల అండీ. చాలా పేరున్న పుస్తకం. నేను కాలేజీ రోజుల్లో చదివా. అందులో ముగింపు ఇది కాదు" అన్నాను.

"నవల కూడా ఉందా?" అని ఆశ్చర్యపోయాడాయన. "దాంట్లో ఏమవుద్దేంటి?"

"ఆ పిల్ల చచ్చిపోద్ది. పట్టు దొరకదు. షావుకారు రాడు."

ఉమామహేశ్ గారు మొహం అదోలా పెట్టి, "ఛ, అదేం కథండీ, అదెవరు చూస్తారు? అందుకే సినిమా వాళ్ళు మార్చారు" అన్నాడు. టీవీలో మళ్ళీ ఆ గుర్రబ్బండి దగ్గరికి వెనక్కి తిప్పుకున్నాడు.

ముప్పై ఏళ్ళు ఇంటర్మీడియెట్ పిల్లలకి ఇంగ్లీషు చెప్పి, రిటైరై ఇక్కడే ఉంటున్న నన్ను ఆయన ఎందుకు పిలిపించాడో అప్పుడు బయటపెట్టాడు. ఆగస్టు ఏడు చేనేత దినోత్సవం. పొద్దున పదకొండింటికి విజయవాడలో పెద్ద హాలు తీసుకున్నాడు. మా ఊరి నేతవాళ్ళని రెండు బస్సుల్లో తీసుకొచ్చి ఈ సినిమా చూపిస్తాడు. వాళ్ళకి ఇంగ్లీషు రాదు కాబట్టి నేను తెర పక్కన మైకు పట్టుకుని, బొమ్మ నడుస్తుంటే మాటలన్నీ తెలుగులో చెప్పాలి. మా ఊరి మాట నా నోట వస్తే వాళ్ళకి బాగా ఎక్కుతుందట.

"సినిమా అయిపోయిన వెంటనే లైట్లేస్తాం. మీ నాగదుర్గని స్టేజీ మీదికి పిలుస్తా. శాలువా కప్పి, అందరి ముందూ క్షమిస్తా. అదే సీను, లైవ్‌లో! వీడియో వాళ్ళు నలుగురొస్తన్నారు. ఎవడు ఏడవకుండా ఉంటాడో చూద్దాం."

నేను ఆయన మొహం చూడకుండా టీవీ వైపు తిరిగాను.

నాగదుర్గ మా వీధి ఆవిడే. చౌడేశ్వరమ్మ అత్త కోడలు. వరసకి నాకు చెల్లెలు. ఆవిడ మొగుడు, మా బావ, పోయి ఆరేళ్ళు. అప్పట్నుంచీ కోడలు గుంటమగ్గంలో కూర్చుని నేస్తుంది, అత్త రాట్నం మీద కండెలు చుట్టిపెడుతుంది. ఇద్దరూ ఒకరినొకరు రోజంతా తిట్టుకుంటూ ఒక కంచంలోనే తింటారు. నేసే నూలు ఉమామహేశ్ గారిది. మా ఊళ్ళో ఆయనకి ఒక గోడౌను, అందులో ఒక గుమాస్తా ఉన్నారు. గుమాస్తా పేరు వెంకటప్పయ్య. నలభై ఏళ్ళుగా తక్కెడ పట్టుకుంది ఆయనే.

ఇక్కడో సంగతి చెప్పాలి. మా ఊరి గోడౌను కాలవ గట్టున ఉంది. గచ్చు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. ఆ చెమ్మ చాలదన్నట్టు, నూలు కట్టలు ఇచ్చే ముందురోజు సాయంత్రం వెంకటప్పయ్య వాటి మీద నీళ్ళు చల్లుతాడు. దారం తెగకుండా మెత్తబడాలని చెబుతాడు. తడి నూలు బరువు తూగుతుంది. అలా తూచి ఇస్తాడు. దాన్ని నేసి, ఎండాకాలం పొడిపొడిలాడే గుడ్డగా తిరిగి ఇస్తే తక్కువ తూగుతుంది. తగ్గినంతా నేతగాడు దాచుకున్నట్టు లెక్క. ఇది మా వీధిలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. అయినా తక్కెడ ముందు అందరూ తల వంచుకుని "ఎక్కడో పోయుంటుందండీ, ఈసారికి ఒగ్గెయ్యండి" అంటారు. కూలిలో కోసుకుంటాడు. మళ్ళీ నూలు ఇస్తాడు. తాతల కాలం నుంచీ నడుస్తున్న మర్యాద ఇది.

నాగదుర్గ ఆ మాట అనలేదు. పది కిలోల నూలుకి కిలో తగ్గిందని వెంకటప్పయ్య అంటే, "నేను తియ్యలేదు. తియ్యనిదానికి పోయిందని ఎందుకంటాను?" అంది. అంతే. మర్నాటికల్లా మగ్గం మీద నిలువుగా బిగించిన పడుగు దారాలన్నీ కోసుకుపోయారు. నూలుదొంగ అని పేరుపెట్టారు. దొంగ అన్న పేరు పడ్డాక ఇంకో షావుకారు కూడా పడుగివ్వడు. నాలుగు నెలలుగా ఆ మగ్గం గుంటలో పిల్లి పడుకుంటోంది. నాగదుర్గ రొయ్యల చెరువుల దగ్గర తలలు తీసే పనికి పోతోంది. పక్కింటి వాళ్ళు, తలలు వంచుకున్న వాళ్ళే, ఈవిడ వస్తే దండెం మీది నూలు లోపలికి తీసేవాళ్ళు. నాకు ఉమామహేశ్ గారి మీదకంటే వీళ్ళ మీద ఎక్కువ రోత పుట్టేది.

మరి అంత రోత పుట్టినవాణ్ణి ఒప్పుకోకుండా లేచి రావాల్సింది గదా! రాలేదు. "క్షమించాక ఆవిడకి మళ్ళీ పడుగు ఇస్తాను మాస్టారూ, మీ మీద ఒట్టు" అన్నాడు ఆయన. ఆ మాట అడ్డం పెట్టుకుని ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, అంత పెద్ద హాల్లో మైకు పట్టుకోవచ్చన్న ముచ్చట కూడా లోపల ఉంది.

కబురు మోసుకుని మా ఊరు వెళ్ళాను. చౌడేశ్వరమ్మ అత్త అరుగు మీద కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. సంగతంతా విని కత్తెర ఆపింది.

"ఏంట్రా అల్లుడూ? మా కోడల్ని ఆయన క్షమిస్తాడా?"

"క్షమిస్తే పడుగిస్తానన్నాడు అత్తా."

"మా దొడ్లో గేదె పాలు ఆయన పిండుకుపోయి, పొదుగు ఖాళీగా ఉందేంటని గేదెనే కొట్టి, ఇప్పుడు పోనీలే అని గడ్డేస్తాడా? థూ!" వక్కముక్క వీధి దాకా పోయి పడింది. "నువ్వు చదువుకున్నావు గదరా, ఆ మాట మోసుకు రావటానికి సిగ్గనిపించలా?"

లోపలి నుంచి నాగదుర్గ వచ్చింది. చేతులు రొయ్యల నీళ్ళకి నానిపోయి, వేళ్ళ కొసలు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. గుమ్మానికి ఆనుకుని నిలబడి, "స్టేజీ మీద ఏమేం ఉంటాయన్నయ్యా?" అని అడిగింది.

అదేం ప్రశ్నో నాకర్థం కాలేదు. "మగ్గం ఒకటి పెడతన్నారు. బంతిపూల దండలు. వాళ్ళ తాతల నాటి ఇత్తడి తక్కెడ, తూనికరాళ్ళు పెడతారంట. చేనేత వారసత్వమంట."

"వెంకటప్పయ్య బాబాయి వస్తాడా?"

"రాకుండా ఎట్టా ఉంటాడు?"

ఆవిడ తల ఎత్తి వంటింటి వైపు చూసింది. అక్కడ గంజి కాచే కట్టెల పొయ్యి పైన, దూలానికి ఒక నూలు కట్ట వేలాడుతోంది. పొగకి గోధుమరంగు తేలింది. దాని సంగతి ఊరందరికీ తెలుసు. గొడవ జరిగిన రోజుకి ఆవిడ దగ్గర, ఆ పది కిలోలు కాక, ఇంకా విప్పని కట్ట ఒకటి మిగిలింది. వెంకటప్పయ్య కట్టిన పురికొస, దాని మీద లక్క ముద్ర, ఆయన చేత్తో బరువు రాసిన అట్టముక్క, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పడుగు కోసుకుపోయిన రోజున ఆయన దాన్నీ అడిగాడు. "నలుగుర్ని పిలిచి, వాళ్ళ ముందు తూచి పట్టుకుపో బాబాయ్" అంది. ఆయన నలుగుర్నీ పిలవలేదు, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. కిలో దొంగిలించింది చాలక ఇంకో కట్ట కూడా నొక్కేసిందని వీధిలో చెప్పుకున్నారు.

"వస్తానని చెప్పన్నయ్యా" అంది నాగదుర్గ.

చౌడేశ్వరమ్మ అత్త కోడల్ని నోటికొచ్చినట్టు తిట్టింది. నాకూ మనసులో ఏదో చచ్చినట్టయింది. సరే, కడుపు ఎవర్నైనా వంచుతుంది అనుకుంటూ బస్సెక్కాను.

ఆగస్టు ఏడున హాల్లోకి అడుగు పెట్టగానే మల్లెపూల వాసన సెంటు గుప్పుమని కొట్టింది. గోడలకున్న డబ్బాలు నిమిషానికోసారి బుస్సుమని కక్కుతున్నాయి. ముందు మూడు వరసలు సోఫాలు. అక్కడ ఉమామహేశ్ గారి స్నేహితులు, వాళ్ళ ఆడవాళ్ళు, అందరూ చేనేతలో మెరుస్తున్నారు. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో మా ఊరి వాళ్ళు. ఏసీకి అలవాటు లేక ముసలాళ్ళు కండువాలు చెవులకు చుట్టుకున్నారు. స్టేజీ మీద మగ్గం పెట్టారు గానీ మా గుంటమగ్గం స్టేజీకి ఎక్కదు గదా, ఎక్కణ్ణించో చట్రం మగ్గం తెచ్చి నిలబెట్టారు. దాని పక్కన స్టాండుకి తాతగారి తక్కెడ. రెండు పళ్ళాల నిండా బంతిపూలు పోశారు.

సినిమా మొదలైంది. హీరోయిన్ మగ్గం ముందు కూర్చుంది. నేను గొంతు సవరించుకుని, "దేవుడా, ఈ చలికాలం ఎలా గడుస్తుందో" అని మొదలుపెట్టానో లేదో, వెనక నుంచి చౌడేశ్వరమ్మ అత్త గొంతు లేచింది.

"ఒసే, కాలు తొక్కకుండా నాడె ఇసిరిందేంటే అదీ!"

ప్లాస్టిక్ కుర్చీలన్నీ ఒక్కసారి నవ్వాయి. కాలితో తొక్కితేనే పడుగు దారాలు విడిపోయి, పేకదారం లాక్కుపోయే నాడెకి దారి దొరుకుతుంది. ఆ హీరోయిన్ తొక్కటంలేదు. అయినా అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నాడె వెళ్ళిపోతోంది.

"గోళ్ళు చూడండే. ఆ గోళ్ళతో దారం ముడేస్తదంట" అంది ఇంకొకామె.

"ముడి మనమేసి పెట్టాలి గామాలు."

సోఫాల్లోంచి ఒకావిడ వెనక్కి తిరిగి "ష్!" అంది.

తర్వాత తూకం సీను వచ్చింది. షావుకారు గుడ్డని తక్కెడలో పెట్టాడు. ముల్లు పక్కకి వాలింది. అప్పటిదాకా నవ్విన కుర్చీల్లో నవ్వు ఆగిపోయింది. "దొంగ! నా పట్టు ఏది?" అని నేను మైకులో అరిచాను. అరిచి, చీకట్లో మా వాళ్ళ వైపు చూశాను. ఒక్కరూ తెర వైపు చూడటం లేదు. నాగదుర్గ ఒక్కతే చూస్తోంది. ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని, నేరుగా ఆ తక్కెడనే చూస్తోంది.

ఇక చివరిది. కొట్లో బీరువా జరిపారు, పట్టు దొరికింది. గుర్రబ్బండి, నది, చెయ్యి. ఉమామహేశ్ గారు ముందు వరసలోంచి నాకు సైగ చేశాడు, బాగా చెప్పమని. నేను కూడా బాగానే చెప్పాను. గొంతు వణికించి మరీ చెప్పాను. "నిన్ను... క్షమించాను."

సోఫాల్లో ముక్కులు చీదుకున్న చప్పుడు. వెనక నుంచి చౌడేశ్వరమ్మ అత్త గట్టిగా అడిగింది:

"పట్టు ఆయన కొట్లోనే దొరికింది గదరా అల్లుడూ! మరి క్షమించేది ఆ పిల్ల గదా, ఈయనేంటి క్షమించేది?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. జవాబు చెప్పాల్సింది నేనే. నా చేతిలో మైకు ఉంది. నేను మైకు కట్టేశాను.

లైట్లు వెలిగాయి. ఉమామహేశ్ గారు తడి కళ్ళతోనే స్టేజీ ఎక్కాడు. వీడియో వాళ్ళు నలుగురూ చుట్టూ మూగారు.

"సినిమాలో చూశారు. ఇప్పుడు జీవితంలో చూడండి. మా ఇంటి నూలుతో బతికిన ఒక చెల్లి, ఏదో అవసరం కొద్దీ చిన్న పొరపాటు చేసింది. మనిషన్నాక చేస్తాడు. నేను కోపం పెట్టుకోలేదు. అమ్మా నాగదుర్గా, రామ్మా. నిన్ను క్షమిస్తున్నాను."

శాలువా విప్పి పట్టుకున్నాడు. నాగదుర్గ సంచి పట్టుకుని మెట్లెక్కింది. నేను పక్కకి తిరిగాను, చూడలేక.

చప్పట్లు మొదలై సగంలో ఆగిపోతే మళ్ళీ తిరిగి చూశాను. ఆవిడ శాలువా దగ్గరికి పోలేదు. తక్కెడ దగ్గర నిలబడి, పళ్ళాల్లోని బంతిపూలు గుప్పిళ్ళతో తీసి కింద పోస్తోంది. తర్వాత సంచిలోంచి నూలు కట్ట తీసి ఒక పళ్ళెంలో పెట్టింది. కట్టెల పొగ వాసన ఆ మల్లెసెంటులో నిట్టనిలువునా లేచింది.

"క్షమాపణ తర్వాతండీ. ముందు దీన్ని తూచండి" అంది.

"అదేంటమ్మా, మా నూలు... ఇంకా నీ దగ్గరే..." ఉమామహేశ్ గారు తడబడ్డాడు. సోఫాలో ఎవరో "చూశారా, తెచ్చేసింది" అన్నారు.

"మీదే. తీసుకోండి. వెంకటప్పయ్య బాబాయ్, ఒకసారి పైకి రా."

వెంకటప్పయ్య రెండో వరస చివర కూర్చున్నాడు. లేవలేక లేచాడు. ఆయన స్టేజీ ఎక్కేదాకా ఆవిడ కదల్లేదు.

"ముడి నువ్వేసిందేనా బాబాయ్?"

ఆయన పురికొస పట్టుకుని చూశాడు. "నాదేనమ్మా."

"లక్క?"

"పగల్లేదు."

"అట్ట మీద ఏం రాశావో చదువు. అందరికీ వినపడాలి."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "నాగదుర్గ. రెండు కిలోలు."

ఆవిడే రెండు కిలోల రాయి తీసి రెండో పళ్ళెంలో పెట్టింది. అది ఠక్కుమని కిందికి దిగింది. నూలు కట్ట పైకి లేచి గాల్లో ఊగుతోంది. కట్ట పక్కన వంద గ్రాముల రాయి వేసింది. చాల్లేదు. ఇంకో వంద వేసింది. అప్పుడు ముల్లు మెల్లగా వచ్చి మధ్యలో నిలబడింది.

హాలంతా ఆ ముల్లునే చూస్తోంది.

"విప్పని కట్ట ఇది. నేను ముట్టలేదు, పొయ్యి మీద ఆరింది, అంతే. రెండు కిలోలకి రెండొందలు పోయింది." నా వైపు తిరిగింది. "పది కిలోలకి ఎంతన్నయ్యా? నువ్వు మైకులో చెప్పు."

మైకు మళ్ళీ ఆన్ చేశాను. ఇందాక వణికించిన గొంతు ఇప్పుడు దానంతటదే వణికింది.

"కిలో" అన్నాను.

వెనక కుర్చీల్లోంచి ఒక శబ్దం వచ్చింది. చప్పట్లూ కాదు, కేకా కాదు. చాలామంది ఒకేసారి ఊపిరి వదిలినట్టుంది. చౌడేశ్వరమ్మ అత్త లేచి కుర్చీ మీద నిలబడింది, తన కోడలు అందరికీ కనపడుతోందో లేదో చూట్టానికి.

ఉమామహేశ్ గారి మొహం రెండు క్షణాలు పేడ అలికిన గోడలా ఉంది. మూడో క్షణానికి ఆయన కళ్ళలో వెలుగొచ్చింది. నేను దగ్గరే ఉన్నాను కాబట్టి స్పష్టంగా చూశాను. దారి దొరికింది ఆయనకి.

"చూశారా!" అని అరిచాడు. "అచ్చం సినిమాలో లాగే! నా కొట్లోనే దొరికింది! నా చెల్లి దొంగ కాదు! తప్పు నా గుమాస్తాది! వెంకటప్పయ్యా, ఎంత పని చేశావయ్యా? ఇన్నేళ్ళు నన్ను చీకట్లో పెట్టావా?" వెంటనే గొంతు దించాడు. "పోనీ. పెద్దవాడివి. నిన్ను కూడా క్షమిస్తున్నా."

రెండు చేతులూ జోడించి, నాగదుర్గ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారలు కట్టాయి. సోఫాలన్నీ లేచి నిలబడి చప్పట్లు కొట్టాయి. ఇందాక "ష్" అన్నావిడ వెక్కి వెక్కి ఏడుస్తోంది. నలుగురు వీడియో వాళ్ళూ మోకాళ్ళ మీద కూర్చుని ఆయన కన్నీళ్ళనే దగ్గరగా తీస్తున్నారు. వెంకటప్పయ్య మాత్రం తక్కెడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు చల్లమన్నదెవరో ఆ నోటి నుంచి రాలేదు. నలభై ఏళ్ళ అలవాటు. క్షమించినందుకు వంగి దణ్ణం కూడా పెట్టాడు.

నేను మైకు కింద పెట్టాను.

నాగదుర్గ శాలువా తీసుకోలేదు. మోకాళ్ళ మీదున్న ఆయన్ని చుట్టు తిరిగి వెళుతూ, "పడుగు ఎండబెట్టి పంపండి" అని మాత్రం అంది. కట్టని తక్కెడలోనే వదిలేసి మెట్లు దిగింది.

బయట బిర్యానీ పొట్లాలు పంచారు. పెరుగుపచ్చడి కారి అట్టపెట్టెలన్నీ తడిసిపోయాయి. నాలుగు నెలలుగా ఆవిణ్ణి చూసి నూలు దాచుకున్న ఆడవాళ్ళు ఇప్పుడు "నాగదుర్గా, మా పక్కన కూర్చో" అని పోటీలు పడుతున్నారు. ఆవిడ డ్రైవరు వెనక సీట్లో అత్త పక్కన కూర్చుని, పొట్లం విప్పి తినేసింది. ఆకలేసినట్టుంది. నేను తినలేకపోయాను.

మూడు రోజుల తర్వాత ఆ వీడియో నాకూ వచ్చింది. మా కాలేజీ పాత లెక్చరర్ల గ్రూపులో ఎవరో పెట్టారు. కింద అన్నీ దణ్ణాలూ, ఏడుపు బొమ్మలూ. తెరిచి చూశాను. వయొలిన్ సంగీతం పెట్టారు. నాగదుర్గ మెట్లెక్కుతుంది, ఆయన చేతుల్లో శాలువా విచ్చుకుంటుంది, ఆయన మోకాళ్ళ మీద పడతాడు, అంతే. తక్కెడ లేదు. నూలు కట్ట లేదు. "కిలో" అన్న నా మాట లేదు. ఆయన కన్నీళ్ళ మీద మటుకు నా గొంతు అతికించారు, సినిమాలోంచి కోసి: "నిన్ను... క్షమించాను." ఎంత బాగా చెప్పానో! రెండోసారి వినలేక ఫోను మంచం మీదికి విసిరేశాను.

ఆ మర్నాడు పొద్దున్నే ఊరికి బయల్దేరాను. నాగదుర్గకి ఆ వీడియో సంగతి నేనే చెప్పి తిట్లు తిందామని.

వీధి మొదట్లోనే బండి ఆపాల్సొచ్చింది. దారి లేదు. వీధి పొడుగూతా నూలు పరిచి ఉంది. పాత చాపల మీద, మంచాల మీద, దండేల మీద, సైకిళ్ళ మీద, ఎక్కడ చూసినా తెల్లటి నూలు ఎండకి ఆవిర్లు కక్కుతోంది. గోడౌను నుంచి ఆ ఉదయమే వచ్చిన సరుకట. నాగదుర్గ తన కట్ట ఎండబెట్టి తూచందే ముట్టనందట. అది చూసి పక్కింటావిడ తనదీ విప్పిందట, ఆవిణ్ణి చూసి ఎదురింటావిడ. వీధి మధ్యలో మూడుకాళ్ళ కర్రలకి తక్కెడ వేలాడదీశారు. దాని పక్కన ముక్కాలి పీట మీద వెంకటప్పయ్య కూర్చుని, తల మీద తడి తువ్వాలు వేసుకుని కాకులు తోలుతున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను.

ఇంట్లో మగ్గం గుంటని తుడిచారు. పిల్లి అలిగి అరుగు మీద పడుకుంది. నాగదుర్గ గుంటలో కాళ్ళు దించి కూర్చుని తాళ్ళు బిగిస్తోంది. వీడియో సంగతి చెప్పాను. వింది. "మన వీధిలో ఎవరికైనా ఆ ఫోనుల్లో ఏముందో కావాలా అన్నయ్యా?" అని మళ్ళీ తాడు బిగించుకుంది. ఆవిడకి అక్కర్లేకపోవచ్చు. నాకు మాత్రం, తిందామనొచ్చిన తిట్లు దక్కలేదు.

బయటికొస్తే చౌడేశ్వరమ్మ అత్త ఎండలో నిలబడి నూలు తిరగేస్తోంది.

"అల్లుడూ, సినిమా సంగతి సరే. అది ఏదో పుస్తకంలోది అని షావుకారుతో అన్నావంట గదా, వెంకటప్పయ్య చెబుతున్నాడు. ఆ పుస్తకంలో ఆ పిల్ల ఏమైంది?"

"నదిలో దిగి చచ్చిపోయింది అత్తా."

"పట్టు?"

"దొరకలేదు. అసలేమైందో రాసినాయనే చెప్పలేదు."

అత్త మొహం చేదు నమిలినట్టు పెట్టింది. నూలు చేత్తో ఒత్తి చూసింది.

"అంతూళ్ళో ఇంకో తక్కెడే లేకపోయిందంట్రా?"

నేనేదో చెప్పబోయాను.

"జరుగు, జరుగు" అంది అత్త, మోచేత్తో నన్ను తోస్తూ. "నీ నీడ నూలు మీద పడతంది."